మందు మాన్పించే మీటింగ్ ఎక్కడో కూడా పేపర్లో వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తెనాలి, ఏళ్ళ తరబడి మీ పేపరే వేయించుకుంటున్నాం. 2024 అక్టోబర్‌లో వైన్ షాపులకి లాటరీ తీసినప్పుడు రాష్ట్రం మొత్తం 3,396 షాపులని, ఏ షాపు ఎవరికి తగిలిందని, 99 రూపాయల క్వార్టర్ వస్తోందని అన్నీ వేశారు. వార్త కాబట్టి వేశారు, తప్పేం లేదు. కానీ తాగుడు మానాలనుకున్న మనిషి సాయంత్రం పూట ఎక్కడికి వెళ్ళి కూర్చోవాలో మాత్రం ఏ పేజీలోనూ కనపడదు, నేను అడగాలనుకుంటోంది అదే.

మావారికి లివర్ దెబ్బతిందని తెలిశాక డాక్టరు గారు మందులు రాసి, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళే కలిసి కూర్చునేవి) మీటింగులకి కూడా వెళ్ళండి అన్నారు. ఎక్కడ జరుగుతాయండీ అంటే ఆయనకీ తెలీదు. నెట్‌లో దొరికిన ఒక నంబర్ అసలు పనిచెయ్యట్లేదు, ఇంకోటి ఎత్తారు కానీ అది ప్రైవేటు డీ అడిక్షన్ సెంటరంట, నెలకి ఇంత కట్టండి, మనిషి రానన్నా సరే మేమే బండి పంపించి ఎక్కించుకుపోతాం అన్నారు, వినగానే భయమేసి పెట్టేశాను. చివరికి దారి చూపించింది ఎవరనుకుంటున్నారు, మా వీధి చివర ఆటో స్టాండులో ఉండే అబ్బాయి. మావారి వాలకం ఎన్నాళ్ళనుంచి చూస్తున్నాడో ఏమో, "అన్నా, రేపు ఏడింటికి రెడీగా ఉండు, నేనూ అక్కడికే" అన్నాడు అంతే.

ఆ మీటింగ్ ఒక చర్చి కాంపౌండ్‌లో ఉన్న స్కూలు గదిలో. చర్చి అనేసరికి మా అత్తగారు మతం మార్చేస్తారేమో అని ఒకటే గొడవ. తీరా వెళితే చిన్నపిల్లల బెంచీలు, బోర్డు మీద చెరపని కూడికలు, ఫ్లాస్కులో టీ. మొదటిసారి ఓపెన్ మీటింగ్ కాబట్టి నన్నూ కూర్చోనిచ్చారు, క్లోజ్డ్ అంటే మాత్రం తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఒక్కొక్కరు పేరు చెప్పుకుని, నేను ఆల్కహాలిక్‌ని అంటారు, మిగతావాళ్ళు హాయ్ అని పలకరిస్తారు, తర్వాత ఆ మనిషి చెప్పేది వింటారు. మధ్యలో సలహాలుండవు, క్లాసు పీకడాలుండవు. నిన్ననే మళ్ళీ తాగానన్న తాపీమేస్త్రిని కూడా ఎవరూ ఏమీ అనలేదు, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఫీజు లేదు, చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్ళు వేస్తారు, బయటివాళ్ళ చందాలు తీసుకోరు. 1935లో అమెరికాలో ఆక్రాన్ అనే ఊళ్ళో ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు, ఇద్దరు తాగుబోతులే కలిసి మొదలుపెట్టిన పద్ధతంట ఇది. చేరడానికి కావాల్సింది మానాలన్న కోరిక ఒక్కటే.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు, 93లో సారా ఆగింది, 95లో మొత్తం మద్య నిషేధమే వచ్చింది, 97లో ఎత్తేశారు. గవర్నమెంట్లు మూస్తాయి, తెరుస్తాయి, షాపులు గవర్నమెంటువి అవుతాయి మళ్ళీ ప్రైవేటువి అవుతాయి, మా ఇంట్లో తాగే మనిషి మాత్రం అలాగే తాగుతూ వచ్చాడు. అందుకే నిషేధం ఉండాలా వద్దా అన్న వాదనలోకి నేను పోను.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. తాగుడు మాన్పించే పొడి, ఆ మనిషికి తెలియకుండా అన్నంలో కలపొచ్చు అనే యాడ్ మీ క్లాసిఫైడ్స్‌లోనే చూశాను. అందులో ఏముందో తెలియకుండా లివర్ పాడైన మనిషికి ఎలా పెడతామండీ? మందు పడకుండా చేసే మాత్రలు డాక్టర్లు ఇస్తారు నిజమే, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి ఇస్తారు, తెలియక దాని మీద తాగితే ప్రాణం మీదకి వస్తుంది. అలాగే రోజూ బాగా తాగేవాళ్ళు పంతం పట్టి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మనిషి పలవరించడం ఉంటాయి, వాళ్ళు ముందు గవర్నమెంటు హాస్పిటల్‌కి వెళ్ళాలి, మీటింగ్ ఆ తర్వాత. ఈ రెండు ముక్కలు వేసినా ఆ యాడ్ కంటే మేలు.

జిల్లా పేజీలో 'నేడు' అని ప్రవచనాలు, పెన్షనర్ల సమావేశాలు, రక్తదాన శిబిరాలు వేస్తారు కదా, అందులోనే రోజూ ఒక్క లైను, ఏఏ మీటింగ్ ఫలానా చోట, ఇన్ని గంటలకి, ఓపెనో క్లోజ్డో. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని విడిగా ఉంటుంది, నాకు దగ్గర్లో దొరక్క ఫోన్లో జూమ్‌లో కూర్చుంటున్నాను, అలాంటివి కూడా వెయ్యండి. మండలాల్లో, పల్లెల్లో ఏడింటి మీటింగ్‌కి వస్తే తిరిగి వెళ్ళడానికి బస్సు ఉండదు, వాళ్ళకి డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉంది, ఆ నంబర్ పక్కనే వేస్తే సరిపోతుంది. లైను వేసేముందు నెలకోసారైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి టైము మారిందేమో కనుక్కోండి, తప్పు అడ్రసుకి ఒకసారి తిరిగినవాడు రెండోసారి రాడు.

పేపర్లో సభ్యుల పేర్లు, ఫోటోలు రాకూడదని ఏఏ వాళ్ళ నియమం, చోటు, టైము వేసుకోవచ్చు. నా పేరు కూడా వెయ్యకండి, కింద ఉన్నది చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి