ఫిర్యాదుల పెట్టె ఒక్కటే చాలదు: గుంటూరు జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు. బళ్లలో పిల్లలు తోటిపిల్లల్ని ఏడిపించడాన్ని ఆపడానికి అన్ని బళ్లకూ మీరొక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

పిల్లలు తోటిపిల్లల్ని ఏడిపించేది ఎక్కువగా పాఠం జరిగేటప్పుడు కాదు. ఇంటర్వెల్లో మరుగుదొడ్ల దగ్గర, భోజనాల వరుసలో, ఇంటికెళ్లే ఆటోలో. బ్రాడీపేట లాంటి చోట్ల మూడు నాలుగు అంతస్తుల్లో నడిచే బళ్లలో మెట్ల మలుపులో. పెద్దవాళ్లు లేని చోట్లివి. అందుకే ఇంటర్వెల్ డ్యూటీని పీరియడ్‌లాగే టైంటేబుల్లో రాయించండి, ఎవరు, ఎక్కడ అన్నది కూడా. బెల్లు కొట్టాక స్టాఫ్‌రూమ్ నుంచి బయల్దేరితే పది నిమిషాల్లో సగం దారిలోనే పోతుంది. డ్యూటీ ఉన్న టీచరుకు ముందు పీరియడ్ అదే అంతస్తులో వేయాలి.

ఫిర్యాదుల పెట్టె చాలా బళ్లలో హెచ్ఎం గది గుమ్మం పక్కనే ఉంటుంది. అందరూ చూస్తుండగా అందులో చీటీ ఏ పిల్లాడు వేస్తాడు? దానికన్నా శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో క్లాసంతటికీ ఒకే కొలత కాగితాలివ్వండి. ఈ వారం ఎవరినైనా ఏడిపించడం చూశావా, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. రాయడానికేమీ లేనివాళ్లు మధ్యాహ్నం తిన్న కూర పేరు రాయాలి. అందరి కలాలూ కదులుతుంటే ఎవరు ఫిర్యాదు రాశారో పక్కవాడికి తెలియదు. ఆ చీటీలు క్లాసులో మాత్రం చదవకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది రాజీ. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, సారీ చెప్పించి, చేతులు కలిపిస్తారు. ఏడిపించినవాడికి భయపడే పిల్ల వాడి ముందు నిజం చెప్పదు. ఆ సాయంత్రం ఆటోలో రెండింతలు అనుభవిస్తుంది. ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి, తర్వాత చూసినవాళ్లతో, ఆఖరున అతనితో. అన్నీ అదే రోజు. బెంచీ మార్చాల్సి వస్తే అతనిదే మార్చాలి. రెండు రోజులకు, రెండు వారాలకు, నెలకు మళ్లీ ఆమెను కదిలించి అడిగి రిజిస్టర్లో రాయాలి. లైంగిక వేధింపు అయితే బడిలో పంచాయితీ పెట్టే హక్కు ఎవరికీ లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి క్లాసు గోడమీదా ఉండాలి.

ఇంకొకటి, చెప్పడానికి మాకే కష్టంగా ఉంది. టీచరే "ఒరేయ్ బండోడా" అని పిలిస్తే క్లాసంతా ఆ పేరే పట్టుకుంటుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఈ సంగతి మీ ఉత్తర్వులో విడిగా ఉండాలి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోపే ఆ ఉత్తర్వు ఇచ్చి, డ్యూటీ చార్టును నోటీసు బోర్డు మీద పెట్టించమని కోరుతున్నాం.

ఇట్లు,
గుంటూరులోని కొందరు ఉపాధ్యాయులు, పిల్లల కౌన్సెలర్లు