బుల్లెట్ సెంటర్ స్టాండ్ వేయడం నేర్పిన బాబాయ్ గారికి

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ కొట్టు పక్కన నిలబడ్డ ఖాకీ చొక్కా బాబాయ్ గారూ, మీ పేరు తెలీదు, అందుకే ఇలా రాస్తున్నాను. నేను బండితో అవస్థ పడుతుంటే మీరే స్టాండ్ వేసేసి వెళ్లిపోవచ్చు, చాలామంది అదే చేస్తారు, కానీ మీరు "లాగకమ్మా, తొక్కు" అంటూ పక్కన ఉండి నా చేతే వేయించారు. మీకు వెయ్యి దండాలు.

నా బుల్లెట్ రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్లాసిక్ 350, అంటే 195 కిలోలు, చేతులతో ఎత్తాలని చూస్తే నడుం పట్టేస్తుంది. ముందు నేల గట్టిగా, సమంగా ఉందో చూడమన్నారు. న్యూట్రల్‌లో పెట్టించి, ఎడమ చేత్తో హ్యాండిల్ తిన్నగా పట్టించి, కుడి చెయ్యి సీటు వెనక కడ్డీ మీద వేయించారు. కుడికాలితో స్టాండ్ కిందికి నొక్కి బండిని అటూ ఇటూ కాస్త కదిపితే, స్టాండ్ రెండు కాళ్లూ నేలకి ఆనిన సంగతి పాదానికే తెలిసిపోయింది. అసలు కిటుకు అక్కడే ఉంది, ఒక్క కాలే ఆనినప్పుడు బలం పెడితే బండి ఒరిగిపోతుంది. రెండూ ఆనాక ఒళ్లు బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడ్డాను, బండి తనంతట తానే వెనక్కి జరిగి పైకెక్కేసింది!

మీ బస్సు వచ్చేసినా, స్టాండ్ దించి మళ్లీ వేయమని నిలబడ్డారు చూడండి, అది మర్చిపోలేను. ఇంట్లో చైన్‌కి ఆయిల్ వేయాలంటే, బండిని స్టాండ్ ఎక్కించడానికి ఇప్పుడు ఎవర్నీ పిలవక్కర్లేదు. మా చెల్లికి కూడా నేర్పేశాను బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే, బూట్లు వేయించి మరీ.