రీకనెక్ట్, వాయిస్, ఐఫోన్: ఏది ఎంతవరకు వచ్చింది, ఏది రాదు

మా రమ్మీ యాప్‌లో సంక్రాంతికి ఇస్తామన్నవి నాలుగు. నెట్ పోయినా అదే చేతితో మళ్ళీ టేబుల్‌కి రావడం (రీకనెక్ట్), ప్రైవేట్ టేబుల్‌లో మాట్లాడుకోవడం, పేర్లు తెలుగులో పెట్టుకోవడం, ఐఫోన్‌లో ఆట. కనుమ కూడా వెళ్ళిపోయింది, ఒక్కటీ రాలేదు. "ఏటి బాబూ, ప్రతి అప్‌డేట్‌కీ బగ్గులు సరిచేసాం అంటారు, ఆ సరిచేసిందేటో మాకు కనబడదు" అని ఒకరు రేటింగ్ కింద రాశారు. సభ్యత్వం కట్టినవాళ్లు ఇంకొంచెం ఘాటుగానే అడుగుతున్నారు, అడిగే హక్కు వాళ్లకుంది. విజయనగరంలో ముగ్గురం కూర్చుని నడిపే రమ్మీ యాప్ ఇది. ఏ పని ఎక్కడ ఆగింది, ఈలోగా మీ ఫోన్‌లో ఏం చేసుకోవచ్చు, డబ్బు వెనక్కి కావాలంటే ఎలా అన్నవి కింద రాస్తున్నాం. కొత్త గడువు రెండిటికే చెప్తున్నాం, మిగతావాటికి చెప్పం.

ముందుగా రీకనెక్ట్. అన్నిటికంటే ఎక్కువ తిట్లు దీనికే వచ్చాయి, అన్నిటికంటే ఎక్కువ పని కూడా దీనికే పట్టింది.

మీ ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య లైను తెగితే ఆ సంగతి సర్వర్‌కి వెంటనే తెలీదు. ఐదు సెకన్లకోసారి అది ఫోన్‌ని పలకరిస్తుంది. వరసగా మూడుసార్లు పలక్కపోతే ఆ మనిషి టేబుల్ దగ్గర లేడని లెక్క వేస్తుంది. అంటే 15 సెకన్లు. ఒక్కో వంతుకి ఇచ్చేదే 30 సెకన్లు కాబట్టి సగం టైము అక్కడే హరీ. మరి ఐదు సెకన్లని రెండు చేసెయ్యొచ్చుగా అని చాలామంది అడిగారు. చీపురుపల్లి దాటి పొందూరు వైపు రైల్లో వెళ్తూ ఆడేవాళ్లకి టవర్ మారినచోట నెట్ కాసేపు ఆగి, దానంతట అదే వచ్చేస్తుంది. రెండు సెకన్ల లెక్క పెడితే ఆ మాత్రం ఆగుడికే "ఈయన వెళ్ళిపోయాడు" అని మిగతా ఐదుగురికీ కనిపిస్తుంది, మరుక్షణం "వచ్చాడు" అంటుంది. టేబుల్ మీద ఆట కంటే ఈ రాకపోకలే ఎక్కువవుతాయి. అందుకే ఐదు సెకన్లు అలాగే ఉంచి, తెగాక తిరిగి వచ్చే దారిని బాగుచేశాం.

ఆ దారిలోనే అసలు తిరకాసు. మీరు ఇస్పేటు తొమ్మిది లాగి కింద వేశారు. సరిగ్గా అప్పుడే నెట్ పోయింది. ముక్క సర్వర్‌కి చేరింది గానీ, "చేరింది" అన్న కబురు మీ ఫోన్‌కి రాలేదు. లైను కలవగానే ఫోన్ ఆ ముక్కని మళ్ళీ పంపుతుంది. ఈలోగా టేబుల్ ఒక చుట్టు తిరిగి మీ వంతు వచ్చి ఉంటే, పేకలో ముక్క ఎత్తి ఉంటే, పాత కబురే కొత్త ఆటగా పడిపోతుంది. ఒక్క పేకైతే "ఆ ముక్క నీ చేతిలో లేదు" అని సర్వర్ తిప్పికొట్టేది. మనది రెండు పేకల ఆట. ఇంకో ఇస్పేటు తొమ్మిది ఎనిమిదికీ పదికీ మధ్య లైఫ్‌లో (జోకర్ లేని వరసలో) కూర్చుని ఉంటే అదే కిందపడుతుంది. "నేను వెయ్యని ముక్క పడింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

మందు కూడా తేలింది. 106 ముక్కలకీ, అంటే 52 రెండుసార్లు, బొమ్మ జోకర్లు రెండు, విడివిడిగా నంబర్లు ఇచ్చాం. ఇప్పుడు సర్వర్‌కి ఇస్పేటు తొమ్మిది అనేది లేదు, ఫలానా నంబరు ముక్క మాత్రమే ఉంది. మీరు చేసే ప్రతి పనికీ, ఎత్తినా వేసినా షో పెట్టినా, వరస సంఖ్య ఉంటుంది. ఒకసారి చూసిన సంఖ్య మళ్ళీ వస్తే సర్వర్ పట్టించుకోదు. ఫోన్ తిరిగి రాగానే తను చూసిన ఆఖరి సంఖ్య చెప్తుంది, సర్వర్ ఆ తర్వాతివి వరసగా పంపుతుంది. సగం ఆడి ఆపిన పూల్ గేములు (పాయింట్లు కూడుతూ పోయి హద్దు చేరినవాళ్లు అవుట్ అయ్యే ఆటలు) పాత పద్ధతిలో దాచి ఉన్నాయి. వాటిని కొత్త నంబర్లలోకి మార్చడం దగ్గరే పని ఈడ్చుకుంటూ వచ్చింది.

ఇక్కడితో కంప్యూటర్ గొడవ తీరుతుంది, మనుషుల గొడవ మొదలవుతుంది. ఒకడి నెట్ పోతే మిగతావాళ్లు ఎంతసేపు కూర్చోవాలి? ఇప్పుడున్న నియమం ప్రకారం మూడుసార్లు వంతు తప్పితే మిడిల్ డ్రాప్, అంటే ఆట మధ్యలో వదిలేసినట్టు లెక్క, 40 పాయింట్లు. 101 పూల్‌లో 61 మీద ఉన్నవాడికి ఆ 40 పడితే సరిగ్గా 101, అవుట్. ఫోన్ వచ్చిందని ఎత్తిన పాపానికి ఆట పోయిందంటే కడుపుమంటగానే ఉంటుంది. అలాగని అతని కోసం ఆట ఆపితే, చెయ్యి బాగోలేదని కావాలని డేటా ఆపేసే మహానుభావులూ ఉన్నారు. తెలియని వాళ్లతో ఆడే ఓపెన్ టేబుళ్లలో ఈ పని చేసేవాళ్లు ఎక్కువ. అందుకని రెండు రకాలుగా పెడుతున్నాం. ప్రైవేట్ టేబుల్‌లో టేబుల్ పెట్టినవారు ఒక్కో పంపకానికి ఒకసారి, మూడు నిమిషాల వరకు ఆట ఆపొచ్చు. ఓపెన్ టేబుల్‌లో ఆపడం ఉండదు. ప్రతి ఆటగాడికీ ఆట మొత్తం మీద 90 సెకన్ల అదనపు టైము ఉంటుంది, అది అయిపోతే 40 పడుతుంది. దీని మీద ఎన్ని రేటింగులు తగ్గించినా మారదు.

ప్రైవేట్ టేబుళ్లకి రీకనెక్ట్ ఫిబ్రవరి నెలాఖరుకి వస్తుంది. ఓపెన్ టేబుళ్లకి అక్కడ సరిగ్గా నడిచాకే.

అది వచ్చేలోగా మీ ఫోన్‌లో ఇవి చేసుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మన ఆట, అందులో బ్యాటరీ. అక్కడ "ఆప్టిమైజ్డ్" అని ఉంటే "అన్‌రిస్ట్రిక్టెడ్" చెయ్యండి. కాల్ వచ్చి ఆట వెనక్కి వెళ్ళినప్పుడు ఫోన్ దాన్ని చంపెయ్యడం చాలావరకు తగ్గుతుంది. కొన్ని ఫోన్లలో "ఆటో స్టార్ట్" అని వేరే మీట ఉంటుంది, అదీ వెయ్యండి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే మన ఆటకి మినహాయింపు ఇవ్వండి. ఇంట్లో వైఫై వీక్‌గా ఉంటే ఆట మొదలుపెట్టేముందే వైఫైయో డేటాయో ఏదో ఒకటి తేల్చుకోండి. ఆట మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే నెట్ అడ్రస్ మారిపోయి లైను తప్పకుండా తెగుతుంది, సిగ్నల్ నిండుగా ఉన్నా సరే.

ఇక వాయిస్. దుబాయ్‌లోనో చెన్నైలోనో పని చేసుకుంటున్న తమ్ముడితో టెక్కలి నుంచో రాజాం నుంచో ఆడేవాళ్లకి ఇది ఎంత కావాలో మాకు తెలుసు. ఆరుగురూ ఒకరి గొంతు ఒకరికి నేరుగా పంపుకుంటే 15 లైన్లు కావాలి, ఒక్కో ఫోన్ ఐదుగురికి విడివిడిగా పంపాలి. తక్కువ రకం ఫోన్ వేడెక్కిపోతుంది. మధ్యలో సర్వర్ పెడితే ఒక్కసారి పంపితే చాలు. గొంతుకి సెకనుకి 32 కిలోబిట్లు లెక్కేస్తే, ఐదుగురి మాట వినడానికి గంటకి 72 ఎంబీ, మీ మాట పంపడానికి మరో 14, మొత్తం 86 ఎంబీ దాకా ఖర్చవుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మేం వాడుతున్న వాయిస్ లైబ్రరీ, అంటే మాటలు పంపడానికి తెచ్చుకున్న రెడీమేడ్ కోడ్, ప్లే స్టోర్ నియమం దగ్గర ఆగిపోయింది. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 15కి తయారుచేసినవై ఉండాలి. ఆండ్రాయిడ్ 15కి చేస్తే నవంబరు 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీలకి (ఫోన్ తన మెమరీని పంచుకునే భాగాలకి) కూడా సరిపోవాలి. మన ఆట ఇంజన్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాం, వాయిస్ లైబ్రరీ మాత్రం పాత 4 కేబీ లెక్కలోనే ఉంది. దాన్ని అలాగే పెడితే ప్లే స్టోర్ అప్‌డేట్‌ని తీసుకోదు. వేరే లైబ్రరీ పెట్టి పరీక్షిస్తున్నాం, గడువు చెప్పలేం. ఇంకో సంగతి, వాయిస్ వచ్చినా దుబాయ్ లాంటి ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లకి పని చెయ్యకపోవచ్చు. అక్కడ అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్‌ని కంపెనీలు ఆపేస్తాయి. వాళ్ల కోసం టైపు చేసి పంపే మాటలు ఎప్పటిలాగే ఉంటాయి. ఓపెన్ టేబుళ్లకి వాయిస్ ఎప్పటికీ పెట్టం, బూతులు వినడానికి ఎవరికీ ఓపిక లేదు.

ఆండ్రాయిడ్ 15కి మారడం వల్ల ఇంకో తంటా వచ్చింది, దాని గురించి చాలామంది రాశారు. ఆట ఇప్పుడు తెర అంచుదాకా పరుచుకుంటోంది. చేతిలోని ముక్కలు తెర అడుగుకి దిగాయి. ముక్కని పైకి లాగబోతే ఫోన్ దాన్ని హోమ్‌కి వెళ్ళమన్న సైగ అనుకుని ఆట మూసేస్తోంది. వచ్చే అప్‌డేట్‌లో ముక్కల వరసని పైకి జరుపుతున్నాం. అప్పటిదాకా లాగకండి. ముక్క మీద ఒకసారి తట్టి, కుడివైపు "వెయ్యి" నొక్కండి. లాగడమే అలవాటైతే సెట్టింగ్స్‌లో నావిగేషన్‌ని మూడు బటన్లకి మార్చుకోండి.

తెలుగు పేర్లు ఫిబ్రవరి అప్‌డేట్‌లోనే వస్తాయి. ఆట ఇంజన్‌కి అక్షరాలు పక్కపక్కన పేర్చడం వచ్చు గానీ ఒత్తులు కలపడం రాదు. "శ్రీ" అని రాస్తే శ ఒకచోట, పొల్లు ఒకచోట, ర ఒకచోట, గుడిదీర్ఘం ఇంకోచోట విడిపోయి కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా వాళ్లతో ఆట నడుపుతూ శ్రీ రాకపోతే ఎలా? పేరుని ఫోన్ చేతే బొమ్మగా గీయించి టేబుల్ మీద పెడుతున్నాం, సరిగ్గా వస్తోంది.

ఐఫోన్ ఈ ఏడాది లేదు. యాపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టడం ఒకటే అయితే ఫర్వాలేదు, మాక్ కొనాలి, ప్రతి మార్పునీ రెండుచోట్ల పరీక్షించాలి. ముగ్గురితో అది జరగదు.

ఇక అసలు రానివి. ఎంట్రీ ఫీజు పెట్టి, గెలిచినవాళ్లకి డబ్బిచ్చే టోర్నమెంట్ సిరిమాను పండక్కైనా పెట్టమని అడుగుతున్నారు. పెట్టం. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటికీ ఆ నిషేధం పెట్టింది. నడిపినవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. రమ్మీ నైపుణ్యం ఆటే అని 1968లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా అంటారు. చెప్పింది. కొత్త చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడదు, పందెం ఉందా లేదా అన్నదే చూస్తుంది. మనలాగా పందెం లేకుండా సభ్యత్వ రుసుము తీసుకోవడం దాని కింద తప్పు కాదు.

చిప్స్ (ఆటలో డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) ఒకరికొకరు ఇచ్చుకునే సదుపాయం కూడా పక్కన పెట్టేశాం. ఇచ్చుకునే దారి తెరిస్తే, ఎక్కువ చిప్స్ ఉన్నవాళ్లు యూపీఐలో డబ్బు తీసుకుని అమ్ముతారు. ఆ రోజు నుంచి చిప్స్‌కి వెల వచ్చినట్టే, ఆట పందెం అయినట్టే.

జోకర్ల మాట కూడా ఒకటి చెప్పాలి. "నాకు కావాలనే జోకర్ ఇవ్వట్లేదు" అనేవాళ్లు లెక్క చూడండి. ఆటలో ఒక ముక్కని జోకర్‌గా తెరుస్తాం, ఆ అంకె ముక్కలన్నీ జోకర్లే. తెరిచిన ఆ ముక్క పోను మిగిలిన 105లో జోకర్లుగా పనికొచ్చేవి తొమ్మిది, అదే అంకెవి ఏడు, బొమ్మవి రెండు. పదమూడు ముక్కల చేతికి ఒక్క జోకర్ కూడా రాకపోవడం నూటికి సుమారు 29 సార్లు జరుగుతుంది. వరసగా మూడు చేతులు అలా రావడం 41కి ఒకసారి. రోజూ సాయంత్రం ఆడేవాళ్లకి అది తప్పకుండా తగులుతుంది.

డబ్బు విషయం. ఏడాది సభ్యత్వం ఉన్న అందరికీ తర్వాతి బిల్లు మూడు నెలలు వాయిదా వేశాం, మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. వద్దనుకుంటే ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, "పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్"లోకి వెళ్ళి రద్దు చెయ్యండి. యాప్ తీసేసినంత మాత్రాన సభ్యత్వం ఆగదు, బిల్లు పడుతూనే ఉంటుంది. కట్టి 48 గంటలు కాకపోతే ప్లే స్టోర్‌లోనే రిఫండ్ అడగొచ్చు. దాటిపోతే యాప్‌లోని "మాకు రాయండి"లో రసీదు మీద జీపీఏ (GPA)తో మొదలయ్యే ఆర్డర్ నంబర్ పంపండి. ఐఫోన్ కోసమో వాయిస్ కోసమో కట్టామన్నవాళ్లకి పూర్తి డబ్బు ఇస్తాం, కారణం అడగం.

నెట్ పోయిన ఆట గురించి ఫిర్యాదు రాసేటప్పుడు టేబుల్ నంబర్, సుమారు టైము, ఫోన్ మోడల్, అప్పుడు వైఫైలో ఉన్నారా డేటాలో ఉన్నారా, కాల్ ఏదైనా వచ్చిందా, ఈ ఐదూ రాయండి. టేబుల్ నంబర్ ఆట పేరు కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆటల రికార్డు 30 రోజులే ఉంచుతాం, ఆ తర్వాత రాస్తే ఏ ముక్క ఎప్పుడు పడిందో మాకూ కనిపించదు.