పోర్షే 959 కారుని మరిచారేం?

సంపాదకులకు నమస్కారం.

పాత సూపర్‌కార్లపై మీ వ్యాసం ఫెరారీ ఎఫ్40కే పట్టం కట్టింది. 1988లో కన్నుమూసిన కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ హయాంలో వచ్చిన చివరి కారు కదా, పాత కార్లు సేకరించేవాళ్లకు ఆ మోజు సహజమే. లోపల తివాచీ లేదు, బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, తలుపు తీయడానికి పిడి బదులు ఓ తీగ. బరువు తగ్గించి, మిగతాది డ్రైవరుకే వదిలేశారు ఇటలీవాళ్లు.

జర్మనీ పోర్షే 959 దారి వేరు. ఇంజన్ శక్తిని నాలుగు చక్రాలకూ అవసరాన్నిబట్టి పంచేది, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించేది. గంటకు 300 కిలోమీటర్లు దాటే ఈ కారే 1986లో పారిస్-డకార్ ర్యాలీ అనే సుదూర పందెం గెలిచింది. ఎడారి ఇసుకలో నెగ్గడమంటే మాటలా! గోడమీద బొమ్మకైతే నా ఓటూ ఎఫ్40కే. ఇంజనీరింగ్ లెక్కన మాత్రం 959దే పైచేయి. దానికి ఒక్క పేరా అయినా ఇవ్వాల్సింది.

– ఓ పాఠకుడు, గుంటూరు