ఎస్ఎంఏ అడిగితే ఆర్‌పీ-ఎస్ఎంఏ పంపారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: తప్పుగా పంపిన కోయాక్సియల్ అడాప్టర్లు మార్చివ్వడం గురించి

నమస్కారం.

చర్లపల్లి పారిశ్రామికవాడలో ఉన్న మా టెస్ట్ ల్యాబ్ కోసం మీ వెబ్‌సైట్‌లో పది అడాప్టర్లు (రెండు వేర్వేరు రకాల కనెక్టర్లను కలిపే ముక్కలు) ఆర్డర్ చేశాం. సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ ఇన్‌పుట్‌కి ఎస్ఎంఏ (చిన్న మర కనెక్టర్) కేబుల్ తగిలించడానికి కావాలి కాబట్టి ఒకవైపు ఎన్-మేల్ (పెద్ద సైజు కనెక్టర్, మధ్యలో పిన్), రెండోవైపు ఎస్ఎంఏ-ఫీమేల్ (మధ్యలో రంధ్రం) ఉన్నవి ఎంచుకున్నాం. మీ పేజీలో 50 ఓమ్‌లు, 18 గిగాహెర్ట్జ్ వరకు, స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసి ఉంది.

వచ్చినవి మాత్రం రివర్స్ పోలారిటీ రకం, అంటే ఆర్‌పీ-ఎస్ఎంఏ. పైపైన చూస్తే తేడా కనిపించదు, అదే సైజు, అదే మర. భూతద్దం పెట్టి లోపలికి చూస్తే అసలు సంగతి బయటపడింది. నడిమధ్యన రంధ్రం ఉండాల్సిన చోట పిన్ నిలబడి ఉంది. మా కేబుల్ చివర ఉన్నదీ పిన్నే. ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి నట్టు బిగిస్తే పిన్ను వంగడమో, లోపలికి దిగిపోవడమో ఖాయం. అడాప్టర్ పోతే వందల్లో నష్టం, టెస్ట్ కేబుల్ పోతే వేలల్లో.

ఇదే మాట ఫోన్‌లో చెబితే మీ ప్రతినిధి ఇచ్చిన సలహా: "మర పడుతోంది కదా సార్, ఇంకాస్త గట్టిగా బిగించండి." స్టీల్ ఎస్ఎంఏ కనెక్టర్‌ని మేం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో సుమారు 0.9 న్యూటన్-మీటర్ దగ్గర ఆపేస్తాం. గట్టిగా బిగించడానికి అది నల్లా పైపు కాదు. మర పట్టినంత మాత్రాన సరైన సరుకు అయిపోదు. 3.5 మి.మీ., 2.92 మి.మీ. కనెక్టర్లు కూడా ఎస్ఎంఏకి బిగుస్తాయి, అలాగని మూడూ ఒకటేనా? ఆర్‌పీ రకమైతే వైఫై పరికరాలకు జనం అనుమతి లేని వేరే యాంటెన్నాలు తగిలించకుండా కావాలని పిన్నునీ రంధ్రాన్నీ తారుమారు చేసి పెట్టింది. దానికి మా టెస్ట్ బెంచ్ మీద పనేం లేదు.

ఇంకొకటి. బాడీ స్టీల్ కాదు, నికెల్ పూత వేసిన ఇత్తడి. ఒకదాని మర దగ్గర పూత లేచి పసుపు రంగు తేలింది. ఫోటోలు జత చేశాను. కవర్ మీద ఫ్రీక్వెన్సీ గానీ, సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే వీఎస్‌డబ్ల్యూఆర్ గానీ ఎక్కడా లేదు.

"ప్యాకెట్ తెరిచారు కాబట్టి రిటర్న్ కుదరదు" అని మీరు మెయిల్ పెట్టారు. తెరవకుండా లోపలి పిన్ను ఎలా చూడమంటారు? వీటిలో ఒక్కటి కూడా వాడలేదు, బిగించలేదు.

ఏడు రోజుల్లోగా అసలైన ఎస్ఎంఏ-ఫీమేల్ అడాప్టర్లు డేటాషీట్‌తో సహా పంపండి, స్టాక్ లేకపోతే కొరియర్ ఖర్చుతో కలిపి మొత్తం డబ్బు వెనక్కివ్వండి. "ఇంకా మంచి రకం" పేరుతో అడగనిది పంపొద్దు. ఆ పేజీలో కనెక్టర్ ముఖం ఎదురుగా తీసిన ఫోటో ఒకటి పెట్టండి, పక్కనుంచి తీసిన ఫోటోలో పిన్ను కనబడదు.

ఇట్లు,
ఇన్‌చార్జి, ఆర్ఎఫ్ టెస్ట్ విభాగం,
చర్లపల్లి, హైదరాబాద్

జత: ఇన్‌వాయిస్ కాపీ, ఫోటోలు, మీ మెయిల్ కాపీ