రేసు గురించి రాసేటప్పుడు రోడ్డు గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కార్ల రేసు మాట వచ్చినప్పుడల్లా మన పేపర్లలో, టీవీల్లో చర్చంతా డబ్బు చుట్టూనే తిరుగుతోంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు సంతకం పెట్టారు, కేసు ఎక్కడిదాకా వచ్చింది. అవన్నీ తేలాల్సిందే, కాదనను. కానీ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 18 మలుపుల ట్రాక్ మీద ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు జరిగిందే, ఆ కార్లు పరిగెత్తిన రోడ్డు ఎలా ఉందని అడిగిన కథనం మాత్రం ఇప్పటిదాకా నా కంటపడలేదు. రేసులంటే ప్రాణం పెట్టేవాడిగా నాకు అదే బాధ.

మన కారుకు గతుకు తగిలితే సస్పెన్షన్ దిగి లేస్తుంది, మహా అయితే నడుం పట్టేస్తుంది. రేసు కారు సంగతి వేరు. ఫార్ములా వన్ కారు అడుగు భాగం రోడ్డుకు కొన్ని సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అది ఎంత కిందికి ఉంటే కింద నుంచి దూసుకుపోయే గాలి కారును అంత గట్టిగా నేలకు పట్టి ఉంచుతుంది కాబట్టి, కారు పైకీ కిందికీ ఊగకుండా సస్పెన్షన్‌ను బాగా బిగిస్తారు. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. ఆ వేగంలో బ్రేక్ తొక్కుతూ మలుపు తిరుగుతుండగా రోడ్డు కాస్త ఉబ్బి ఉన్నా చాలు, టైరు మీద పడే బరువు ఒక్క క్షణం తగ్గిపోతుంది. టైరు గాల్లోకి లేవక్కర్లేదు, బరువు తగ్గితే పట్టూ తగ్గుతుంది. ముందు టైర్ల పట్టు పోతే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా గోడ వైపే వెళ్తుంది, వెనక టైర్లవి పోతే గిర్రున తిరుగుతుంది. ఇక కారు అడుగే రోడ్డుకు ఆనిందనుకోండి, టైర్లు మోయాల్సిన బరువులో కొంత ఆ అడుగు మీద పడుతుంది, అప్పుడు ఎంత గొప్ప డ్రైవరైనా చేయగలిగింది చాలా తక్కువ.

1994 మే 1న ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో టాంబురెల్లో మలుపు దగ్గర ఫార్ములా వన్ డ్రైవర్ అయిర్టన్ సెన్నా చనిపోయినప్పుడు ఈ వాదనే వచ్చింది. ఇటలీ కోర్టు స్టీరింగ్ కాలమ్ విరగడమే కారణమంది. అంతకుముందు ప్రమాదం జరిగితే రేసు కార్లను నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వెనక నెమ్మదిగా తిరగడంతో టైర్లు చల్లారి, వాటిలో ప్రెషర్ తగ్గి, కారు కిందికి దిగి, ఆ మలుపులోని గతుకుల మీద అడుగు తగిలి ఉంటుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజం ఏదైనా, ఆ ఏడాది మధ్యలోనే ప్రతి కారు అడుగున 10 మిల్లీమీటర్ల మందం పలక బిగించాలన్న రూల్ వచ్చింది. రేసయ్యాక కొలిస్తే అది కనీసం 9 మిల్లీమీటర్లు ఉండాలి. కారును మరీ కిందికి దించేవాళ్లకు ఆ పలకే అడ్డు. అదే ఏడాది బెల్జియంలో గెలిచిన డ్రైవర్ షూమాకర్ ఈ పలక అరుగుదల వల్లే ఆ విజయం పోగొట్టుకున్నాడు.

2023 అక్టోబర్‌లో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసులో రెండో స్థానంలో వచ్చిన హామిల్టన్‌ను, ఆరో స్థానంలో వచ్చిన లెక్లెర్క్‌ను ఈ పలక మరీ అరిగిందని డిస్‌క్వాలిఫై చేశారు. వార్త అంతవరకే చదివినవాళ్లకు వాళ్లేదో మోసం చేశారనిపిస్తుంది. జరిగింది అది కాదు. ఆస్టిన్ ట్రాక్ కింద ఉన్నది నీళ్లు పడితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి. మన నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఎన్నిసార్లు తారు వేసినా కింద నేల కదులుతూనే ఉంటుంది, పైన గతుకులు మళ్లీ తేలతాయి. పైగా ఆ వారం స్ప్రింట్ అనే పొట్టి రేసు కూడా ఉండటంతో టీములకు ఒక్క ప్రాక్టీసే దొరికింది, ఆ తర్వాత కారు ఎత్తు మార్చడానికి వీల్లేదు. కారు ఎంత ఎత్తులో ఉండాలో సరిచూసుకునే టైమే లేకపోయింది, రేసంతా గతుకుల మీద గీసుకుని పలక అరిగిపోయింది. రూల్ రూలే, శిక్ష తప్పని నేను అనడం లేదు. కానీ రోడ్డు సంగతి చెప్పకుండా ఆ వార్త రాస్తే సగం వార్తే.

నగరం రోడ్ల మీద రేసంటే ఇంకో బెడద ఉంది, మ్యాన్‌హోల్ మూతలు. అదే ఏడాది నవంబర్‌లో లాస్ వేగాస్‌లో మొదటి ప్రాక్టీస్ పట్టుమని పది నిమిషాలు కూడా జరగలేదు, రోడ్డులోని నీటి వాల్వ్ మూత ఊడి డ్రైవర్ సైన్జ్ ఫెరారీ కారు అడుగును చీల్చేసింది. తన తప్పు ఏమీ లేకపోయినా బ్యాటరీ మార్చినందుకు రేసు మొదలయ్యే వరుసలో పది స్థానాలు వెనక్కి పోయాడు, రెండో ప్రాక్టీస్ తెల్లవారుజామున రెండున్నరకు ప్రేక్షకులు లేకుండా నడిపారు. గుర్తుంచుకోవాల్సిందేంటంటే లాస్ వేగాస్‌కూ ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ లైసెన్స్ ఉంది. లైసెన్స్ వచ్చిందిగా, ఇంకేం కావాలి అనేవాళ్లకు నా జవాబు అదే.

మన రేసు జరిగిన రెండు వారాలకే కేప్‌టౌన్‌లో మన మహీంద్రా టీమ్, అప్పట్లో వాళ్ల మోటార్లే వాడిన ఆబ్ట్ టీమ్ వెనక సస్పెన్షన్ భద్రత మీద అనుమానంతో రేసు నుంచి తప్పుకున్నాయి. డబ్బూ పేరూ వదులుకుని అలా తప్పుకోవడం నాకు గౌరవంగా అనిపించింది. రోడ్డు దెబ్బలన్నీ మొదట తినేది ఆ సస్పెన్షనే.

అందుకని మీకు నా విన్నపం. రేపు ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీ అయినా నెక్లెస్ రోడ్డు మీదో, ఇంకో ఊళ్లోనో రేసు పెడతామంటే మీ విలేకరులు టికెట్ ధర, సినిమా తారల రాకతో ఆపేయకండి. రోడ్డు ఎత్తుపల్లాలను మిషన్‌తో కొలిచారా, ఎక్కడెక్కడ చెక్కి సరిచేశారు, తారు మీద తారు వేసుకుంటూ పోయి గుంటల్లో మిగిలిపోయిన మ్యాన్‌హోల్ మూతలు ఎన్ని, వాటిలో ఎన్నిటికి వెల్డింగ్ చేశారు, వానాకాలం పోయాక మళ్లీ చూశారా అని అడగండి, ఆ కాగితాలు అడిగి తీసుకుని పేపర్లో వేయండి. రేసు అయిపోయాక అదే రోడ్డు మీద స్కూటర్ల మీద వెళ్లే మాకూ ఆ లెక్కలు కావాలి.

ఇట్లు
మీ పాఠకుడు,
దోమలగూడ, హైదరాబాద్