మీడియా ఎవరి అప్పులో ఉందో మాకు చెప్పించండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి నమస్కారం.

తెలుగు రాష్ట్రాల్లో ఒకే బహిరంగ సభ గురించి రెండు పేపర్లు చదివితే, జరిగినవి రెండు వేర్వేరు సభలేమో అనిపిస్తుంది. అయినా ఏ పేపరు ఎవరిదో టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లకు కూడా తెలుసు. ఎంత తీసేసి చదవాలో వాళ్లకో లెక్క ఉంటుంది. నా భయమంతా పైకి కనిపించని యాజమాన్యం గురించే.

ఎన్డీటీవీ సంగతే చూడండి. 2009-10లో దాని వ్యవస్థాపకుల కంపెనీ ఆర్‌ఆర్‌పీఆర్, వీసీపీఎల్ అనే మరో కంపెనీ దగ్గర రూ.403.85 కోట్లు అప్పు తీసుకుంది. బాకీ బదులు ఆర్‌ఆర్‌పీఆర్‌లో దాదాపు మొత్తం వాటా తీసుకునే హక్కు ఆ కాగితాల్లోనే ఉంది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు వీసీపీఎల్‌ను కొని ఆ హక్కును వాడుకుంది. దాంతో ఆర్‌ఆర్‌పీఆర్ పేరిట ఎన్డీటీవీలో ఉన్న 29.18 శాతం వాటా చేతికొచ్చే దారి పడింది. నవంబరు ఆఖరుకు వ్యవస్థాపకులు ప్రణయ్ రాయ్, రాధికా రాయ్ ఆర్‌ఆర్‌పీఆర్ బోర్డు నుంచి తప్పుకున్నారు. ఆ మర్నాడే ఆ ఛానల్ ప్రముఖ పాత్రికేయుడు రవీశ్ కుమార్ ఛానల్‌కు రాజీనామా చేశారు. అన్నేళ్లూ ఆ ఛానల్ చూసినవాళ్లలో ఈ అప్పు సంగతి ఎంతమందికి తెలుసు?

యజమాని ఫోన్ చేసి వార్త ఆపమని చెప్పాల్సిన పని కూడా ఉండదు. ఆయనకు ఏ వ్యాపారాలున్నాయో, ఏ టెండరు కోసం చూస్తున్నారో డెస్క్‌లో అందరికీ తెలుసు. విలేకరి ఆ స్టోరీ రాయడమే మానేస్తాడు. మండలాల్లో వార్తలు రాసే కంట్రిబ్యూటరే యాడ్స్ కూడా తేవాల్సి వస్తే, యాడ్ ఇచ్చిన కాంట్రాక్టరు వేసిన రోడ్డు గురించి ఏం రాయగలడు?

మీడియా యాజమాన్యంపై టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టు 12న మీ శాఖకు సిఫార్సులు ఇచ్చింది. రాజకీయ సంస్థలు ప్రసార రంగంలోకి రాకూడదని, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉండాలని అందులో ఉంది. పదేళ్లు దాటినా వాటిపై చట్టం రాలేదు.

ఏ వార్త సరైనదో తేల్చే అధికారం మీ శాఖకు ఇవ్వమని నేను అడగడం లేదు. అది ఇంకా ప్రమాదం. నేను కోరేది వివరాలు బయటపెట్టించమనే. ప్రతి పత్రిక, ఛానల్, వెబ్‌సైట్ తన వాటాదారులనూ, వాళ్ల వెనకున్న కంపెనీలనూ, షేర్లుగా మారే అప్పులనూ ఏటా పాఠకులకు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. యజమాని వ్యాపారం గురించి వార్త వేస్తే ఆ సంగతి వార్త కిందే రాయాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏ సంస్థకు ఎన్ని కోట్ల ప్రకటనలు ఇచ్చాయో ప్రతి మూడు నెలలకూ వెల్లడించాలి. ఈ మూడో పని మీ శాఖ తన ప్రకటనలతో రేపే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు